కోర్టుపక్షికి డిజిటల్ రెక్కలు

శుభవార్త. వాయిదా ఇక ఫోన్‌కే వస్తుంది.

నవ్వకండి. చిన్న సంగతా ఇది? గురజాల పక్క పల్లె రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. తన మీద వేసిన దావా వాయిదా పడిందని తెలియాలంటే నిన్నమొన్నటి దాకా ఆయన ఏం చేయాలి? పొద్దున్నే చద్దన్నం తిని, బస్సెక్కి, కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద మధ్యాహ్నం దాకా కూచోవాలి. చివరికి ప్లీడరుగారి గుమాస్తా వచ్చి చల్లటి కబురు చెప్పాలి. "ఈ తడవ కాలేదు పెద్దాయనా. జడ్జిగారు సెలవు. వచ్చే నెల పద్నాలుగు." ఇప్పుడా బాధ లేదు. నులకమంచం మీద ఉండగానే సెల్లు టింగుమంటుంది. మనవడు చదివి చెబుతాడు. వచ్చే నెల పద్నాలుగు. దావా అంగుళం కదల్లేదు. కదల్లేదన్న కబురు మాత్రం మెరుపులా వచ్చింది. దీని పేరే న్యాయరంగంలో సాంకేతిక విప్లవం.

"అయితే పద్నాలుగున నేను రానక్కర్లేదా?" అని అడుగుతాడు పెద్దాయన. రాకపోతే ఎట్టా? పిలిచినప్పుడు పలక్కపోతే ఎక్స్‌పార్టీ చేసి పారేస్తారు. అంటే ఫోన్‌కు కబురూ వస్తుంది, జేబులోంచి బస్సు చార్జీ కూడా పోతుంది. రెండు విధాలా సేవే!

ఇట్టాంటివాణ్ణి మన భాష ఏనాడో కోర్టుపక్షి అంది. ఎంత ముందుచూపు! పక్షి కాబట్టే తిరుగుతూ ఉంటుంది. పక్షి కాబట్టే ఈకలు ఒక్కొక్కటే పీకినా లెక్క అడగదు. ఇప్పుడా పక్షికి డిజిటల్ రెక్కలు కడుతున్నారు. చేతికో యాప్. దావాకో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు. కోర్టు దగ్గర ఈ-సేవా కేంద్రం. రెక్కలు ముచ్చటగానే ఉన్నాయి. కాలికి కట్టిన తాడు ఎవరు విప్పుతారు?

ఆ ప్రశ్న అడగకూడదు. ఎందుకంటే ఇప్పుడు నగరాల్లో, నక్షత్రాల హోటళ్లలో న్యాయరంగ 'మార్పు సారథుల' సదస్సులు జరుగుతున్నాయి. శాలువాలు, జ్ఞాపికలు, తెర మీద బాణం గుర్తులు. బాణాలన్నీ పైకే చూస్తుంటాయి. రథం ఎక్కడని మాత్రం ఎవరూ అడగరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

డబ్బు లేక కాదు సుమా. ఈ-కోర్టుల పథకం మొదలైంది 2007లో. మొదటి దశ అయింది, రెండో దశ అయింది. 2023 సెప్టెంబరు 13న కేంద్ర మంత్రివర్గం మూడో దశకు నాలుగేళ్లకుగాను 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో కేసు కాయితాలను స్కాన్ చేయడానికే 2,038 కోట్లు. కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్ లాంటి రేపటి వింతలకు 53 కోట్ల పైచిలుకు. సంతోషం. ఇకనుంచి కాయితాలకు చెద పట్టదు. మనుషుల మాటేమిటి? దేశంలో పెండింగు కేసులు ఐదు కోట్లు దాటాయి. జిల్లా, కింది కోర్టుల్లో మంజూరైన జడ్జి పోస్టులు పాతిక వేల పైచిలుకు. అందులో ఖాళీలు సుమారు ఐదు వేలు. పది లక్షల జనానికి యాభై మంది జడ్జీలుండాలని లా కమిషన్ తన 120వ నివేదికలో చెప్పింది. ఎప్పుడు? 1987లో. ఇప్పుడెంతమంది? ఇరవై ఒకటో, ఇరవై రెండో! అంటే బల్ల మీద కంప్యూటరు వచ్చింది, బల్ల వెనక కుర్చీలో మనిషి రాలేదు. ఖాళీ కుర్చీని వీడియోలో చూపించడానికేనా ఇంత ఇంటర్నెట్టు?

నరసరావుపేట వాళ్లకు ఈ తంతు అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభను చూస్తే చాలు. ఆకాశమంత ఎత్తు. కళ్లు జిగేలుమనే దీపాలు. మైకులో పాటలు. వెనక్కి వెళ్లి చూడండి. వెదురు గడలు, మోకులు, దాన్ని మోసే బండి. అయితే ప్రభ పాపం ఎవర్నీ మోసం చేయదు. నేను ఒక్కరాత్రి ముచ్చటనని ముందే చెబుతుంది. తెల్లారితే విప్పేస్తారు. మన డిజిటల్ కోర్టు ప్రభకు మాత్రం రోజూ శివరాత్రే. జాగారం కక్షిదారుడిది.

అదే కొండ గురించి ఇంకో మాట కూడా ఉంది. కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. కొండ దిగి పేటకొస్తే నల్లకోట్లకు కొదవే లేదు. ఆ కోటు సంగతీ చూద్దాం. ఇంగ్లండు రాణి రెండో మేరీ 1694లో చనిపోతే అక్కడి ప్లీడర్లు సంతాపంగా నలుపు వేసుకున్నారని చెబుతారు. ఆ సంతాపం ఇంకా తీరలేదు. ఎక్కడ? రెంటచింతల ఉన్న జిల్లాలో! వేసవి వస్తే రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడని అడిగితే పసిపిల్లాడు కూడా చెప్పే ఊరది. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. అయినా విప్పడానికి మనసొప్పదు. మూడు వందల ఏళ్ల కింద పోయిన పరాయి రాణి కోసం ఎండలో ఉడికే వృత్తి, మార్పుకు సారథ్యం వహిస్తానంటే ఏమనాలి? ముందు ఆ కోటొకటి విప్పండి బాబూ, తర్వాత బ్లాక్‌చెయిన్ చూద్దాం.

చట్టంలో లేకనా ఈ జాప్యం? చట్టం బంగారం. సివిల్ ప్రొసీజర్ కోడ్ పదిహేడో ఆర్డరు చూడండి. విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదు. 2002 జులై 1 నుంచి అమల్లో ఉన్న మాట ఇది. ప్రతివాది జవాబు ముప్పై రోజుల్లో రావాలి, మహా అయితే తొంభై. చదివితే కళ్లు చెమరుస్తాయి. మూడు పక్కన ఎన్ని సున్నాలు పెట్టుకోవాలో రాయడం మాత్రం మరిచిపోయారు. అసాధారణ పరిస్థితులుంటే సడలించవచ్చని 2005లో సుప్రీంకోర్టు ఒక కిటికీ తెరిచింది. ఆ కిటికీలోంచి ఇప్పుడు పిడుగురాళ్ల సున్నపురాయి లారీలు పోతున్నాయి. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. అక్కడ వాయిదాలు రెండే! మూడు పాటించలేకపోయారు కాబట్టి రెండుకు తగ్గించారు. లెక్క తెలిసినవాళ్లు కదా!

వాయిదా ఎవరికి నష్టం? ప్లీడరుకు ఫీజు. గుమాస్తాకు మామూలు. ఎదుటివాడికి పొలం అనుభవం. నష్టమల్లా నెగ్గాల్సినవాడిదే. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని సామెత. యాప్ వచ్చాక సామెత మారిందా? మారింది. ఇప్పుడు ఇద్దరూ ఫోన్ చూసుకుని ఏడుస్తున్నారు.

పల్నాడు పక్షుల్లో ఇంకోటి ఉంది, కోడి. పన్నెండో శతాబ్దంలో నాగమ్మ కోడికీ బ్రహ్మనాయుడి కోడికీ పందెం. ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస. దుర్మార్గమే, అనర్థమే. కారంపూడి యుద్ధభూమి దాకా తెచ్చింది. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ బరిలో తీర్పు ఆ పూటే వచ్చింది! ఏడేళ్లంటే ఏడేళ్లనీ చెప్పారు. ఇప్పుడు మాచర్లలో గట్టు తగాదా వేసినవాడికి ఏడేళ్లని ఎవరైనా చెబితే తిరునాళ్ల చేసుకోడూ? ఇక రాజీ సంగతి. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం తెచ్చింది. కోర్టుకు వెళ్లకముందే కూర్చుని మాట్లాడుకోండని సలహా. పల్నాడులో రాజీ మాటలకు వెళ్లిన అలరాజుకు విషం పెట్టారని కథ చెబుతుంది. రాజీ కుదరాలంటే చట్టం చాలదు. కుదరకపోతే కోర్టు త్వరగా తేలుస్తుందన్న భయం ఎదుటివాడికి ఉండాలి. పాతికేళ్లు సాగదీయగలనన్న ధీమా ఉన్నవాడు రాజీకెందుకొస్తాడు? వాడికి పిచ్చా?

ఇక పావురం. 2021 జులైలో ఆగ్రా జైలు ఖైదీలకు సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. తలుపు తెరుచుకోలేదు. ఎందుకు? కాయితం చేరలేదు! ఈ కాలంలోనూ ఉత్తర్వుల కోసం పావురాల వైపు చూడాలా అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ మండిపడ్డారు. కృష్ణకు ఆవలి ఒడ్డున పొన్నవరంలో పుట్టిన మనిషి. మండిపడి ఊరుకోలేదు. 2022 మార్చి 31న 'ఫాస్టర్' వ్యవస్థ తెచ్చారు. ఉత్తర్వు ఎలక్ట్రానిక్ పద్ధతిలో నేరుగా జైలుకు చేరుతుంది. ఇది ఆవిష్కరణ. ఒప్పుకుందాం, చప్పట్లు కొడదాం. ఎందుకంటే దీనివల్ల ఒక మనిషి కొన్ని రోజుల ముందు ఇల్లు చేరాడు. కొలత అంటే ఇదే. తర్వాత కింది కోర్టుకు రండి. బెయిలు వచ్చింది. జామీనుదార్లేరి? పొలం పాసుపుస్తకమేది? అది లేని కూలీ లోపలే. పావురం ఎగిరింది, కూలీ ఎగరలేదు.

కానీ కొందరి విషయంలో చట్టం గరుత్మంతుడు. రెంటచింతల మండలం పాల్వాయి గేటు గుర్తుందా? 2024 మే 13న పోలింగ్ కేంద్రంలో ఈవీఎం పగిలింది. పగలగొట్టిన దృశ్యం వెబ్ కెమెరాకు చిక్కింది. దేశమంతా చూసింది. నిందితుడైన అప్పటి ఎమ్మెల్యేకు అరెస్టు నుంచి మధ్యంతర రక్షణ దొరకడానికి ఎన్నాళ్లు పట్టింది? పది రోజులు! ఇది వ్యవస్థను వెక్కిరించడం కాదా అని జూన్ 3న సుప్రీంకోర్టే విస్తుపోయింది. చూశారా, సాంకేతికత పనిచేసింది. కెమెరా తిరిగింది. వేగం కూడా ఉంది. లేదని ఎవరన్నారు? అది ఎవరింటి దారి పడుతుందన్నదే గొడవ.

ఇప్పుడు అసలు కథానాయకుడు వస్తున్నాడు. కృత్రిమ మేధ! తీర్పులు వెతుకుతుందట. అనువదిస్తుందట. సుప్రీంకోర్టు తీర్పుల్లో తరచూ కనబడే 'లీవ్ గ్రాంటెడ్' అన్న మాట ఉంది. అప్పీలుకు అనుమతి ఇచ్చామని అర్థం. ఒక యంత్రం దాన్ని హిందీలో సెలవు మంజూరైందని అనువదించింది. న్యాయవర్గాల్లో అందరూ చెప్పుకుని నవ్వుకునే ముచ్చటే. నాకు మాత్రం యంత్రం తప్పు చేసిందని అనిపించదు. మన కోర్టుల వాలకం చూసి ఆ మాట నేర్చుకుని ఉంటుంది.

నవ్వు ఆగిపోయే కథ విజయవాడలో జరిగింది. 2025 ఆగస్టులో ఒక ఆస్తి తగాదాలో జూనియర్ సివిల్ జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. ఆధారంగా నాలుగు తీర్పులు చూపించారు. ఆ నాలుగూ లేవు! ఏ కోర్టూ ఇవ్వలేదు. కృత్రిమ మేధ కల్పించింది. సూత్రం సరైనదే కాబట్టి ఉత్తర్వు నిలుస్తుందని హైకోర్టు అంది. 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మాత్రం, లేని తీర్పుల మీద ఆధారపడటం మామూలు పొరపాటు కాదు, దుష్ప్రవర్తన అని గట్టిగా హెచ్చరించింది. న్యూయార్కులో 2023లోనే ఇట్టా చేసిన ప్లీడర్లకు ఐదు వేల డాలర్ల జరిమానా పడింది. మనవాళ్లు ఆలస్యమైనా అందుకున్నారు. ఒక్క జడ్జి నెత్తిన ఇన్ని దావాల కట్టలు పెట్టి, చేతికి యంత్రం ఇచ్చి, 'కానియ్' అంటే ఏమవుతుంది? ఇదే అవుతుంది.

అయినా లేనిదాన్ని ఉన్నట్టు చూపడం యంత్రానికి ఎవరు నేర్పారంటారు? 2008లో పార్లమెంటు గ్రామ న్యాయాలయాల చట్టం చేసింది. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, అమల్లోకి తెచ్చింది. ఎంత గొప్ప ఊహ! న్యాయాధికారి బండెక్కి ఊరికి వస్తాడు. అక్కడే వింటాడు. సివిల్ తగాదాను ఆరు నెలల్లో తేలుస్తాడు. కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ నోటిఫై చేసినవి 42. పనిచేస్తున్నవి? సున్నా. తెలంగాణలో 55. పనిచేస్తున్నవి? అక్కడా సున్నానే. అన్నదమ్ములు విడిపోయినా ఇందులో మాత్రం ఐకమత్యం. విజయవాడలో యంత్రం లేని తీర్పులు నాలుగే పుట్టించింది. దానికి శివాలెత్తాం. ప్రభుత్వం ఏ యంత్రమూ లేకుండా 42 లేని కోర్టులు పుట్టించింది. దానికెవరు నోటీసు ఇస్తారు?

ప్రభుత్వాన్నే తిడితే వకీళ్లు చంకలు గుద్దుకుంటారు. ఆగండి. మీ వంతూ ఉంది. 2023 అక్టోబరు 31న రాష్ట్రంలో భూ యాజమాన్య హక్కు చట్టం అమల్లోకి తెచ్చారు. భూమి తగాదాను సివిల్ కోర్టు నుంచి లాగేసి ఒక అధికారి బల్ల మీద పెట్టే 'ఆవిష్కరణ' అది. తహసీల్దారు ఆఫీసు ఎరిగిన రైతు గుండె గుభేలుమంది. వకీళ్లు కోర్టులు వదిలి రోడ్డెక్కారు. పోరాటం న్యాయమైనదే. 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. కానీ పోరాటం సాగిన వారాల్లో రైతు భూమి దావా ఏమైంది? వాయిదా! రైతు భూమిని కాపాడటానికి రైతు దావాను పడుకోబెట్టారు. వకీళ్లకు సమ్మె చేసే హక్కు లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పిన మాట గోడకు ఆనించి పెట్టారు. పైగా ఒక్క ప్రశ్న. చట్టం పోయింది సరే, సివిల్ కోర్టులోనే న్యాయం దొరుకుతుందని అరిచారు కదా. మరి దొరుకుతోందా?

న్యాయవృత్తిని నిజంగా మార్చినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల దగ్గర యాప్ లేదు, అంతే. ఉన్నవ లక్ష్మీనారాయణ బారిస్టరు. ఐర్లండు వెళ్లి చదివొచ్చిన మనిషి. పల్నాడు అడవి పల్లెల్లో పశువుల మేతకు పుల్లరి వసూలు చేస్తుంటే రైతుల పక్షాన నిలిచి జైలుకెళ్లాడు. ఆ జైల్లోనే 'మాలపల్లి' రాశాడు. ఇప్పటి మార్పు సారథులు జైలుకు వద్దులెండి, పాపం. ఒక్కసారి వెల్దుర్తి బస్సెక్కితే చాలు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లి కుటుంబ న్యాయస్థానాలు చూసింది. మన ఆడవాళ్లకూ అట్టాంటివి కావాలని న్యాయమూర్తులతో, నెహ్రూతో మాట్లాడింది. చట్టం ఎప్పుడొచ్చింది? 1984లో. ఆవిడ పోయిన మూడేళ్లకు! ముప్పై ఒక్క ఏళ్ల వాయిదా.

బొజ్జా తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' అని తెలుగులో పుస్తకం రాశాడు. నెట్‌వర్కు అక్కర్లేదు. చార్జింగు అక్కర్లేదు. కూలివాడి జేబులో చట్టం పెట్టిన యంత్రం అది. చుండూరు సంగతి ఇంకా పెద్దది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని ఊచకోత కోశారు. కోర్టు మా ఊరికే రావాలని బాధితులు పట్టుబట్టారు. వచ్చింది! ఘోరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు. తారకం వెన్నంటి ఉన్నాడు, ప్రత్యేక ప్రాసిక్యూటరుగా బి. చంద్రశేఖర్ వాదించాడు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. న్యాయం గడప దాటి ఊళ్లోకి నడిచొచ్చిన రోజది. తర్వాత? 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఊరికి వచ్చిన కోర్టు పదహారేళ్లకు తీర్పు ఇచ్చింది. ఊరికి దూరంగా ఉన్న కోర్టు ఏడేళ్లకు ఆ తీర్పు కొట్టేసింది. అయినా బాధితులు తెచ్చిన ఆ మార్పును ఎవరూ చెరపలేరు. కోర్టు ఊరికి రాగలదని చూపించారు. అందుకే కాబోలు, మళ్లీ రాకుండా 42 న్యాయాలయాలనూ కాయితం మీదే కట్టేశారు.

కాబట్టి మార్పు సారథులూ, మీ జ్ఞాపికలు మీరుంచుకోండి. ఒక్క లెక్క చెప్పండి చాలు. మీ ఆవిష్కరణ వల్ల గురజాల పెద్దాయనకు ఎన్ని వాయిదాలు తగ్గాయి? ఒకటి? సగం? ఏదీ లేకపోతే దాన్ని ప్రభ అనండి. ఆవిష్కరణ అనకండి.

కోర్టు గుమ్మంలో బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. పలక్కపోతే గైర్హాజరు. ఇన్నాళ్లూ మనల్ని పిలిచారు. ఒక్కసారి మనం పిలుద్దాం.

గ్రామ న్యాయాలయమా, హాజరా? 2009 నుంచి పిలుస్తున్నాం. పలకదు.

పది లక్షల మందికి యాభై మంది జడ్జీలూ, హాజరా? 1987 నుంచి గొంతు పోయింది. పలకరు.

మూడే మూడు వాయిదాలూ, హాజరా? 2002 నుంచి. ఉహూఁ.

ఇదే పెద్దాయన గైర్హాజరైతే ఈపాటికి ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చి, అమీనా ఇంటి ముందు నిలబడేవాడు. ఇక్కడ గైర్హాజరైంది పెద్దవాళ్లు. అందుకని ఏమైందంటారా? అదిగో, నులకమంచం మీద సెల్లు టింగుమంది. మనవడు తీసి చూడలేదు. చూడకుండానే చెప్పాడు.

"వచ్చే నెల పద్నాలుగు తాతా."